చావడిలో రెండు నెలలు

మా ముత్తాత పెనుకొండ చుట్టుపక్కల పదకొండు ఊళ్ళకు పెద్ద. మా తాత గుర్రమెక్కి వస్తుంటే జనం దారి వదిలి నిలబడేవారు. మా నాయన కాలానికి గుర్రం పోయింది, పొలాలు పోయాయి, నిటారుగా కూర్చోవడం మిగిలింది. హిందూపురంలో అద్దె ఇంట్లో ఉంటూ నేనూ అలాగే కూర్చుంటాను.

మా వంశంలో ఒక ఆచారం ఉండేది. జబ్బుపడిన మగవాడు కోలుకునేదాకా ఇంటి ముందున్న చావడిలోనే పడుకోవాలి. అతని నీరసం భార్య కంటపడకూడదు.

నాకు ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలితే బెంగళూరులో ఆపరేషన్ చేసి ఆ గ్రంథిని తీసేశారు. గండం గడిచింది. మూత్రం చుక్కలుగా పడటం కూడా నెమ్మదిగా తగ్గింది. అంగం మాత్రం గట్టిపడటం మానేసింది. అంటే నేనింకా కోలుకోనట్టే అని తీర్మానించుకున్నాను. గాలి మార్పు కావాలని భార్యకు చెప్పి, పెనుకొండలో మాకు మిగిలిన ఆ చావడికి వెళ్ళిపోయాను. ఆమెను రావద్దన్నాను.

రెండు నెలలు చూసి ఆమే బస్సెక్కి వచ్చింది. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి, మాట దాచుకోదు.

"ఏమయ్యా, నామీద మనసు ఇరిగిపోయిందా?"

గోడకేసి చూస్తూ ఉన్నదంతా చెప్పాను. ఆమె పకపకా నవ్వింది.

"ఇంతేనా! ఈడ ఎవురినన్నా పెట్టుకున్నావేమో అనుకుంటి. మా ఇంట్లో పోగు తెగితే ముడేసి నేస్తారు. మగ్గం ఇడిసిపెట్టి పోయి చావిట్లో పండుకోరు."

మర్నాడు హిందూపురంలో నన్ను చూసే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. భార్యను తీసుకురమ్మని ఆయన అంతకుముందే అంటే, మర్యాద తెలియని మనిషి అనుకున్నాను.

"నరాలు కోలుకునేదానికి ఏడాది, రెండేళ్ళు పట్టొచ్చు సార్. కొందరికి మునుపటంత రాకపోవచ్చు. మాత్రలున్నాయి, అంగంలోకి రక్తం లాగి గట్టిపరిచే పంపు ఉంది."

"అంతవరకూ పక్కన పండుకోవచ్చా సార్?" అని అడిగింది మా ఆవిడ.

"వద్దన్నదెవరమ్మా?"

"వీళ్ళ తాత!"

డాక్టరు కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. నేనూ నవ్వాను, వెన్ను వంచకుండానే.

పంపు వాడే విధానం ఆమె పైకి చదువుతుంటే ఇద్దరం నవ్వలేక చచ్చాం. ఒక్కోరోజు ఫలితం ఉంటుంది, ఒక్కోరోజు ఉండదు. లేని రోజు చేతిలో చెయ్యి వేసుకుని కబుర్లు చెప్పుకుంటాం. ఇన్నేళ్ళ కాపురంలో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సోమందేపల్లి వ్యాపారి ఒకాయన గోడౌన్ కోసం వెతుకుతుంటే, పోయిన నెల చావడిని ఆయనకు అమ్మేశాం.