వంకర జంపఖానా

పెద్దమ్మ పోయిందన్న వార్త నాకు చెప్పింది స్వరూప. వరంగల్ కొత్తవాడలో పెద్దమ్మ ఇంటి ముందుగదిలో, ఒకే మగ్గం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుని నేస్తున్నాం. దవాఖాన నుంచి పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. స్వరూప ఎత్తింది, విన్నది, ఫోన్ పక్కన పెట్టి "పెద్దమ్మ పోయిందట" అన్నది. నేను లేవబోయాను. "ఆగు, వరస సగంల ఉన్నది" అని నా మోచేయి పట్టుకుంది. నిజమే, ఎర్ర పోగు ఆమె వైపు నుంచి నా వైపుకు సగం దూరమే వచ్చింది. వరస నడుమ వదిలి లేవకూడదన్నది ఆ ఇంటి చట్టం. ఏడుస్తూనే పోగు అందుకున్నాను, అంచుదాకా లాగాను. ఇద్దరం కొట్టి బిగించాం. అప్పుడు లేచాం.

పెళ్ళిలోనో, పంచాయితీలోనో మీరూ ఎప్పుడో ఒకప్పుడు జంపఖానా మీద కూర్చునే ఉంటారు. ఎర్రవీ నీలివీ చారలుండే ఆ నూలు తివాచీని వెడల్పుగా నేయాలంటే ఒక్కరి చేతులు చాలవు. ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పోగు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్ళాలి. పంజా అని ఇనుప పళ్ళున్న దువ్వెన లాంటిది ఉంటుంది, దానితో ఎవరి సగం వాళ్ళు కొట్టి బిగించాలి. మా పెద్దమ్మ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని, రెండు మగ్గాలతో ఇల్లు నడిపిన మనిషి. ఆమె నేసినవి ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో నాకు తెలియదు. నేను చెప్పబోయేది మాత్రం ఆమె ఇంట్లోనే ఉండిపోయిన ఒకదాని గురించి. అది నేసింది ఆమె కాదు, నేనూ స్వరూపా.

ముందు ఆమెను మీకు కొంచెం చూపించాలి. గోడకు టేపు వేలాడుతున్నా జానతోనే కొలిచేది. ఒకసారి నేను టేపు పెట్టి చూస్తే సరిగ్గా సరిపోయింది. "నీ టేపు మంచిదే ఉన్నది, దాసిపెట్టుకో" అన్నది నన్ను. సాయంత్రం నాలుగింటికి చాయ్ పడాలి, లేకపోతే దేవుడినైనా తిట్టేది. చాయ్ తాగుతూ టీవీలో వార్తలు చూసేది. ఏదో దూరదేశంలో అంతర్యుద్ధం ముగిసిందని, పెద్దమనుషులు కాగితాల మీద సంతకాలు పెట్టి చేతులు కలిపారని చూపిస్తే, గ్లాసు కింద పెట్టి నన్ను అడిగేది.

"అయిపోయిందంటాండ్లు గదా. మరి ఆ ఊర్లల్ల ఎవలు ఎవలతోని మాట్లాడుతాండ్లో సూపియ్యరా? సచ్చినోని ఇంటికి సంపినోని ఇంటికి నడుమ తొవ్వ ఉంటది గదా, ఆ తొవ్వ మీద ఎవలన్న నడుత్తాండ్లా?"

ఆ ప్రశ్న టీవీకి కాదు, నాకే వేసేదని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మాది పరకాల దగ్గర ఒక పల్లె. బస్సు ఆగేచోట మా నాన్నకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. అడవిలో తుపాకులు పట్టినవాళ్ళను మా వైపు అన్నలు అనేవాళ్ళు. వాళ్ళ కోసం పోలీసులు తిరుగుతున్న రోజులు అవి. పోలీసు జీపు మా కొట్టు ముందు ఆగేది, వాళ్ళు సోడాలు తాగేవాళ్ళు. వద్దని ఎవరు అనగలరు? ఆ సోడాలే మా నాన్న మెడకు చుట్టుకున్నాయి. ఇన్ఫార్మర్ అన్నారు. ఒకరోజు పొద్దున కొట్టు తెరుస్తుండగా నలుగురు వచ్చి పిలుచుకుపోయారు. చెరుకు తోట పక్కన దొరికాడు. పాడె మోయడానికి మనుషులు రాలేదు. వస్తే వాళ్ళనూ అదే మాట అంటారని భయం. పెద్దమ్మే కొత్తవాడ నుంచి వచ్చి, ఆడమనిషి భుజం పట్టకూడదని దూరం నుంచే అన్నవాళ్ళను ఒక చూపు చూసి, ముందు వైపు తను పట్టింది. ఆ తర్వాత అమ్మనూ నన్నూ తన ఇంటికి తెచ్చుకుని నన్ను మగ్గం మీద కూర్చోబెట్టింది. అప్పటికి నాకు ఇరవై దాటాయి.

రెండేళ్ళకు స్వరూప వచ్చింది. మా ఊరి పిల్లే. ఆమె తోడబుట్టిన అన్న అడవిలో దళంలో ఉండేవాడు. ఎదురుకాల్పుల్లో చనిపోయాడన్నారు. ఎదురుగా ఎవరు కాల్చారో, అసలు కాల్చారో లేదో ఊళ్ళో ఎవరూ అడగలేదు. అతని పాడెకూ మనుషులు రాలేదు. వచ్చినవాళ్ళ పేర్లు పోలీసులు రాసుకుంటారని భయం. ఊరి బయట అతనికి కట్టిన స్థూపాన్ని ఎవరో కూల్చేశారు. ఇంటి మీద సోదాలు ఆగక, స్వరూప తల్లితో కలిసి పని వెతుక్కుంటూ వరంగల్ వచ్చింది. పెద్దమ్మ ఆమెను తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టింది.

నేను పంజా నేలకేసి కొట్టాను. "వాళ్ళ అన్న మా నాయనను పిలువనచ్చిన నలుగురిల ఉన్నడో ఏమో, ఎవలకు ఎరుక?" అని అరిచాను.

పెద్దమ్మ కండెకు నూలు చుట్టడం ఆపలేదు. "ఉండచ్చు, ఉండకపోవచ్చు. తెలిసినోళ్ళు ఇద్దరు మన్నుల పండుకున్నరు. నువ్వు అడుగుతె చెప్పరు. ఈ పిల్ల అయితే నీ నాయనను పిలువలే గదా. వెడల్పు జంపఖానా ఒక్కదానివి నేత్తవా? నెయ్యి, సూత్త."

లోపలి గదిలోంచి ఇదంతా విన్న అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత వీధి చివర వేరే గది తీసుకుని వెళ్ళిపోయింది. అక్క ఇంటికి రోజూ వచ్చేది కానీ స్వరూప ఉన్నంతసేపూ ఆ ఇంట్లో మంచినీళ్ళు తాగేది కాదు. స్వరూపతో ఒక్క మాట మాట్లాడింది లేదు.

మేమిద్దరం మాట్లాడుకోకుండానే ఒక జంపఖానా నేశాం. పక్కన ఒక మనిషి కూర్చుందని ఒప్పుకోకుండా పోగు అందుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. నేను కోపంతో దెబ్బ మీద దెబ్బ వేసేదాన్ని. ఆమె మెత్తగా కొట్టేది. నన్ను లెక్కచేయక అలా కొడుతోందని నా అనుమానం, దానికి ఇంకా కోపం. మగ్గం మీద నుంచి కోసి నేల మీద పరిచినప్పుడు చూస్తే, గట్టిగా బిగిసిపోయిన నా వైపు అంచు ఆమె వైపు అంచు కంటే రెండు జానలు పొట్టి. చారలన్నీ ఏటవాలుగా పోయాయి. దాన్ని నేయమన్న పెళ్ళివాళ్ళు చూసి నవ్వి, వేరే చోట తీసుకుంటామని వెళ్ళిపోయారు.

పెద్దమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, జానతో రెండు అంచులూ కొలిచి, "మంచిగున్నది. ఇది ఇంట్లనే ఉంటది" అన్నది. ఆ రోజు నుంచి ఇంటికి ఎవరు వచ్చినా అదే పరిచేది. ఇది వంకర ఉందేమిటని అడిగిన ప్రతివాళ్ళకూ, "ఈ ఇద్దరు దొరసానులు నేసిన్రు. ఒక ఊరోళ్ళే" అని మా ముందే చెప్పేది. సిగ్గుతో చచ్చిపోయేవాళ్ళం.

తర్వాత మాకు ఒక పద్ధతి పెట్టింది. "నీ దెబ్బ నువ్వు కొట్టకు. పక్కదాని దెబ్బ ఇని, గంతే కొట్టు." అంతే, ఇంకేమీ నేర్పలేదు. సరిగ్గా వినాలంటే మనసులో తిట్టుకోవడం ఆపాలి. ఒకరోజు నేను స్వరూపతో "జర గట్టిగ" అన్నాను. ఆమె నాతో "జర మెల్లగ" అన్నది. మా మధ్య మొదటి మాటలు అవే. ఆరు నెలలు ఆ రెండు మాటలతోనే గడిపాం. ఆ తర్వాత చాయ్ గురించి, కాళ్ళ నొప్పుల గురించి, చాలా కాలానికి వాళ్ళ అన్న గురించి, మా నాన్న గురించి. రెండు పాడెల దగ్గరా మనుషులు లేరన్న సంగతి మొదటిసారి ఒకరికొకరం చెప్పుకున్నప్పుడు ఇద్దరం పని ఆపి ఏడ్చాం. వరస పూర్తయ్యాకే లెండి.

మొన్నటి పంచాయతీ ఎన్నికల సంగతి చెప్పకపోతే పెద్దమ్మ ఊరుకోదు. మా ఇద్దరి ఓట్లూ ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. ఒక నాయకుడు ముందు నా దగ్గరకు వచ్చి, "అమాయకుని పానం తీసిన్రమ్మా, మీ నాయన నెత్తురుకు న్యాయం జరగాలె" అన్నాడు. మూడోరోజు అదే మనిషి స్వరూప గదికి వెళ్ళి, "మీ అన్న త్యాగం ఊరు మరువలేదు చెల్లే" అన్నాడు. ఆ రోజుల్లో తను ఎవరి వైపు ఉన్నాడో ఆయనకే గుర్తున్నట్టు లేదు. ఈ సంగతి మేం చెప్పగానే పెద్దమ్మ ఆయనకు చాయ్‌కి రమ్మని కబురు పెట్టింది. వచ్చాడు. వంకర జంపఖానా మీద కూర్చోబెట్టి, మా ఇద్దరినీ చెరో పక్కన కూర్చోబెట్టి, ఎదురుగా తను కూర్చుంది.

"సారూ, ఈమెకు చెప్పింది ఆమె ముంగట చెప్పు. ఆమెకు చెప్పింది ఈమె ముంగట చెప్పు. నేను ఇంట."

ఆయన చాయ్ వేడిగా ఉందన్నాడు. ఇంకెక్కడో మీటింగ్ ఉందన్నాడు. చెప్పులు తొడుక్కుంటుంటే పెద్దమ్మ గుమ్మం దాకా సాగనంపి, "తుపాకి గోలీలు ఆగి ఎన్నేండ్లాయె! ఆ గోలీల మీద బతికెటోళ్ళే ఆగుతలేరు" అన్నది, మర్యాదగానే.

మా ఊళ్ళో గ్రామసభ పెడితే ఇప్పటికీ జనం రెండు పక్కల రెండు గుంపులుగా నిలబడతారు. ఎవరైనా మురికికాలువ గురించి అడిగినా "నీ ఎనుక ఎవలున్నరు?" అంటారు. అందుకే ఎవరూ అడగరు. కాలువ అలాగే ఉంది, నాయకులు మాత్రం ఎదిగారు. తుపాకులు పోయాక మిగిలిన యుద్ధం ఇదేనని నాకు పెద్దమ్మ ఇంట్లో కూర్చున్నాకే తెలిసింది.

దవాఖానలో ఆమె చివరిసారి స్పష్టంగా మాట్లాడినప్పుడు అమ్మా నేనూ మంచం పక్కనే ఉన్నాం. "నా పెద్దకర్మనాడు కొత్తది పరువద్దు. ఆ వంకరదే పరువుండ్రి. అటెన్క దాన్ని మీ ఊరికి తీస్కపోయి గ్రామసభల పరువుండ్రి. అందరు నిలవడుడు కాదు, కూసోవాలె" అన్నది. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "నువ్వు గూడ" అన్నది. అమ్మ కిటికీ వైపు చూసింది. ఇన్నేళ్ళలో అమ్మ ఆ జంపఖానా మీద కాలు పెట్టలేదు. నాకు పెద్దమ్మ పోతుందన్న భయం ఒకటైతే, అమ్మ రాకపోతే ఈ ఒక్క కోరికా మిగిలిపోతుందన్న భయం ఇంకొకటి.

పెద్దకర్మనాడు దాన్నే పరిచాం. కొత్తవాడ సగం వచ్చింది. మా ఊరి నుంచి కూడా కొందరు వచ్చారు, రెండు గుంపుల వాళ్ళూ. చుట్టూ గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. జంపఖానా మీద నేనూ స్వరూపా తప్ప ఎవరూ లేరు. అమ్మను చూసి స్వరూప లేవబోయింది. "నేను బయట కూసుంట చిన్నమ్మా, నువ్వు రా" అన్నది.

"కూసో" అన్నది అమ్మ. ఆమెతో అన్న మొదటి మాట అదే. చెప్పులు విడిచి, నెమ్మదిగా వచ్చి, స్వరూప వైపు అంచున కూర్చుంది. చారలను వేళ్ళతో నిమిరింది.

"ఈ దిక్కు కొట్టింది ఎవలు? ఇంత వదులున్నది."

"నేనే చిన్నమ్మా."

"చేతుల్ల బలం లేకుండెనా?"

"బలముండె. పక్కన మీ బిడ్డ కూసున్నది గదా. భయమైతుండె."

ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం, ఈ మాట స్వరూప నాతో ఎప్పుడూ అనలేదు. ఆ మెత్తటి దెబ్బను నేను పొగరనుకున్నాను. అమ్మ వేళ్ళు ఆ చారల మీదే ఆగిపోయాయి.

"నాకు గూడ భయమే ఉండె బిడ్డా" అన్నది. "ఇన్నేండ్లు కోపమనుకున్న."

గోడల దగ్గర నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. అందరూ కాదు. ఇద్దరు చివరిదాకా నిలబడే ఉన్నారు. వాళ్ళనూ కూర్చోబెట్టే పని మాకు మిగిలింది, చేస్తాం.

వచ్చే సోమవారం ఊళ్ళో గ్రామసభ. పంచాయతీ ఆఫీసు ముందు జంపఖానా పరుస్తామని సర్పంచ్‌కు చెప్పాం. ఎందుకని అడిగాడు, కూర్చోవడానికి అన్నాం. కాలువ గురించి ముందు స్వరూప అడుగుతుంది, తర్వాత నేను అడుగుతాను. వెనక ఎవరున్నారంటే, చెప్పడానికి ఇద్దరికీ ఒక్క పేరే ఉంది, పెద్దమ్మది.

జంపఖానా చుట్టి, తాడు కట్టి గుమ్మం పక్కన నిలబెట్టాం. ఒక అంచు పొట్టి కాబట్టి అది నిటారుగా నిలబడదు, ఎప్పుడూ గోడ మీదకే వాలుతుంది. నాన్న పోయిన నాటి నుంచి ఆ ఊరి పొలిమేర తొక్కని మా అమ్మ, ఇవాళ పొద్దున తన చెప్పులు కడిగి తెచ్చి దాని పక్కన పెట్టింది.