పదకొండో కిలోమీటరు

కస్తూరి గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు ఆర్.కె.పురం క్వార్టర్లలో ఎవరూ లేరు. స్టాఫ్ సెలక్షన్ పరీక్ష రాసి పొన్నూరు నుంచి ఢిల్లీ వచ్చి ఇరవై ఏడేళ్లయింది. ఆఫీసులో ఎవరికీ పట్టని పనులన్నీ చివరికి ఆవిడ బల్ల మీదకే చేరేవి. మొన్న చలికాలంలో ప్రథమ చికిత్స శిక్షణకు సెక్షన్ నుంచి ఒకరిని పంపమని కాగితం వస్తే అందరూ ఫైళ్లలోకి తలలు దూర్చారు. ఆవిడ పేరు రాసేశారు. "సరేనండీ" అని వెళ్లి, మూడు రోజులూ ముందు వరసలో కూర్చుని, అక్షరం పొల్లు పోకుండా రాసుకుని వచ్చింది.

షుగరు బయటపడ్డ దగ్గర్నుంచి తెల్లవారగట్లే నడకకు వెళ్లడం అలవాటైంది. ఆ నడకలోనే వాసవి పరిచయమైంది. ప్రొద్దుటూరు పిల్ల. బేర్ సరాయ్‌లో మంచం, బల్ల పడితే తలుపు తెరుచుకోని గదిలో ఉండి చదువుకుంటోంది. ఫారెస్టు రేంజి ఆఫీసరు ఉద్యోగానికి రాతపరీక్ష రెండోసారి గట్టెక్కింది. ఇక నడక పరీక్ష మిగిలింది. నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు. కిందటిసారి పదకొండు నిమిషాలు ఆలస్యమై, చేతికందిన ఉద్యోగం జారిపోయింది. ఈసారి ఇంకా ఇరవై నాలుగు రోజులుంది.

మే నెల ఆఖరి ఆదివారం, మొత్తం పదహారూ ఒకేసారి నడిచి చూసుకుంటానంది వాసవి. టైము చూసేందుకు ఆంటీ తోడు రావాలి. అదీ ఐదింటికి కాదు, ఏడున్నరకు.

"ఎండ మండిపోద్దమ్మాయ్. పెందలాడే మొదలెడదాం" అంది కస్తూరి.

"పరీక్షనాడు ఆడ సంతకాలూ కొలతలూ అయ్యేతలికి ఎండెక్కుతాది ఆంటీ. ఇప్పుడే అలవాటు చేసుకోవల్ల."

ఆ పిల్ల ముక్కు ఎర్రగా ఉంది. రెండు రోజులుగా జలుబట. మందుల షాపులో అడిగి మాత్ర వేసుకుందట. వద్దని గట్టిగా చెప్పాలనుకుంది కస్తూరి. నోటి దాకా వచ్చిన మాట అలవాటు ప్రకారం వెనక్కి పోయింది.

సంజయ్ వన్ అడవి పక్కనున్న రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తున్నారు. మొదటి ఆరు కిలోమీటర్లు వాసవి కబుర్లాడుతూనే నడిచింది. ఎనిమిదో కిలోమీటరు దగ్గర కస్తూరి చెట్టు నీడన ఆగిపోయింది. "నా వల్ల కాదు, నువ్వు నాకు కనపడేంత దూరంలోనే తిరుగు" అంది. వాసవి తల ఊపి సాగిపోయింది. సీసాలో నీళ్లు సగం కూడా తాగలేదు. తాగితే మధ్యలో ఆగాల్సి వస్తుందని భయం.

పది దాటింది. తారు మీద గాలి వణుకుతోంది. పదకొండో కిలోమీటరు పూర్తి చేసుకుని వాసవి తిరిగి వస్తుంటే, ఏదో తేడాగా అనిపించింది కస్తూరికి. ఆ నడక తిన్నగా లేదు. కాళ్లు రోడ్డు అంచు దిగి మళ్లీ ఎక్కుతున్నాయి.

"వాసవీ, ఆగు. ఇట్రా, కూర్చో."

వాసవి ఆగలేదు. "టైమ్ కిత్నా హువా మేడమ్?" అంది, టైమెంతైందని. ఏడాదిగా ఒక్కరోజు కూడా కస్తూరిని మేడమ్ అని పిలిచింది లేదు, హిందీలో పలకరించింది లేదు.

కస్తూరి పరుగున వెళ్లి చెయ్యి పట్టుకుంది. పెనం పట్టుకున్నట్టయింది. "ఇవాళ ఏం వారమే? చెప్పు. ఏం వారం?"

వాసవి ఆవిడ మొహంలోకి చూసి నవ్వింది. చెయ్యి విదిలించుకుని నాలుగడుగులు వేసి, మోకాళ్ల మీద కూలబడి, పక్కకు ఒరిగిపోయింది.

కస్తూరి ఫోను తీసి అంబులెన్సు కోసం నూటపన్నెండుకు కొట్టింది. ఎక్కడున్నదీ రెండుసార్లు చెప్పింది. తర్వాత పిల్లను చంకల కింద పట్టుకుని నీడలోకి ఈడ్చింది. సీసాలోని నీళ్లన్నీ మెడ మీద పోసేసింది. ఒక్క క్షణంలో ఆరిపోయాయి. ఇలా కాదు, ఒళ్లంతా తడవాలి. చాలా నీళ్లు కావాలి.

రోడ్డు మధ్య మొక్కలకు నీళ్లు పట్టే ట్యాంకరు ఒకటి అటునుంచి నెమ్మదిగా వస్తోంది. కస్తూరి దానికి అడ్డంగా వెళ్లి నిలబడింది. డ్రైవరు హారను మోగించాడు. ఆవిడ కదల్లేదు.

"భయ్యా, పైపు! పైపు ఇధర్ లావో!"

అతను దిగి, పడి ఉన్న పిల్లను చూసి బెదిరిపోయాడు. "మేడమ్, యే పౌధోఁ కా పానీ హై. గందా హై" అన్నాడు. మొక్కల కోసం తెచ్చిన మురికి నీళ్లు, మనిషి మీద ఎలా పోయడమని.

"పోయమంటుంటే!" అని తెలుగులో అరిచింది కస్తూరి. ఆ అరుపుకు అర్థం చెప్పనక్కర్లేకపోయింది. అతను పైపు లాక్కొచ్చాడు. నీళ్లు పాచి కంపు కొడుతున్నాయి, కానీ చల్లగా ఉన్నాయి. నోట్లోకీ ముక్కులోకీ పోకుండా పిల్లను పక్కకు తిప్పి పట్టుకుని, తల మీద, మెడ మీద, చంకల్లో, తొడల మీద ధారగా పోయించింది.

ఒక తెల్లకారు ఆగింది. దిగిన పెద్దమనిషి రెండు నిమిషాలు చూసి, హిందీలో కేకలు వేశాడు. "ఏం చేస్తున్నారు మీరు? ఎక్కించండి, ఆసుపత్రి పావుగంట దూరమే!"

"ముందు ఒళ్లు చల్లబడాలి. తర్వాతే కదిలించాలి" అంది కస్తూరి.

"మీరు డాక్టరా?"

"కాదు."

"పిల్ల చచ్చిపోతే మీదే బాధ్యత!"

కస్తూరి వాసవి మొహం వంక చూసింది. ప్రొద్దుటూరులో ఉన్న ఈ పిల్ల తల్లికి ఏమని ఫోన్ చేస్తాను? తప్పు చేస్తున్నానేమో. పావుగంట అంటున్నాడు, కారులో ఏసీ ఉంది. చేతులు పిల్లను ఎత్తబోయాయి కూడా. అప్పుడు శిక్షణలో చెప్పినాయన మాట గుర్తొచ్చింది. వడదెబ్బకు మెదడు ఉడికిపోతుంటుంది, దారిలో పోయే ప్రతి నిమిషమూ ఉడుకుతూనే ఉంటుంది అన్నాడాయన. కస్తూరి చేతులు వెనక్కి తీసుకుంది.

"అంబులెన్సు వస్తోంది. వచ్చేదాకా నీళ్లు ఆగకూడదు. మీరు గాలి విసరండి" అంది. బతిమాలుతున్నట్టు లేదు ఆ గొంతు. ఆయన ఏదో అనబోయి, కారు అద్దానికి అడ్డం పెట్టే వెండి రంగు అట్ట తెచ్చి, కింద కూర్చుని విసరడం మొదలుపెట్టాడు.

ఐదు నిమిషాలు. ఏడు. వాసవి కళ్లు తెల్లగా తేలే ఉన్నాయి. ఒకసారి ఒళ్లంతా బిగుసుకుని వదిలింది. ట్యాంకరు డ్రైవరు దండం పెట్టుకుంటున్నాడు. కస్తూరి పైపు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో మెడ దగ్గర నాడి వెతుకుతూ, "వాసవీ, వాసవీ" అని పిలుస్తూనే ఉంది. సైరన్ దూరంగా వినిపించేసరికి పదకొండు నిమిషాలైంది. అప్పుడే ఆ పిల్ల దవడలు టకటకా కొట్టుకున్నాయి.

"ఆంటీ... సలిపెడ్తాంది."

కస్తూరి ఆ బురదలోనే చతికిలబడిపోయింది.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు బయటికి వచ్చి, "వచ్చేసరికే ఒంటి వేడి నూటరెండుకు దిగింది. ఎవరు చల్లబరిచారు?" అని అడిగాడు. చీవాట్లు పడతాయనుకుని కస్తూరి లేచి నిలబడింది. "నేనేనండీ. మంచినీళ్లు దొరకలేదు, మొక్కల నీళ్లు..." అంది. ఆయన తల ఊపాడు. "ఆ నీళ్లే బతికించాయి. పడిపోయినప్పుడు నూటఐదు దాటే ఉంటుంది." జలుబు మాత్ర చెమటను తగ్గించి ఉంటుందని, అది వేసుకుని ఎండలో నడవడం చాలా ప్రమాదమని కూడా చెప్పాడు.

వాసవి ఆరు రోజులు ఆసుపత్రిలో ఉంది. మూత్రపిండాలు దెబ్బతిని, మెల్లగా కోలుకున్నాయి. రెండు నెలలు ఎండలోకి వెళ్లొద్దన్నారు. నడక పరీక్ష ఆమె లేకుండానే జరిగిపోయింది. పరీక్షనాడు కస్తూరి క్యారేజీ పట్టుకుని బేర్ సరాయ్ గదికి వెళితే, వాసవి తలుపు తీసి, గోడవైపు తిరిగి పడుకుంది.

"మీరు ఆ పొద్దు నన్ను గట్టిగా వద్దనుంటే నేను పోయేదాన్నా ఆంటీ?" అంది అటు తిరిగే.

కస్తూరికి కోపం రాలేదు. ఆ ప్రశ్న ఆవిడ తనను తాను రోజూ వేసుకుంటున్నదే. "అనాల్సింది. అనలేదు. తప్పు నాదే" అంది. పప్పన్నం కలిపి పళ్లెం ముందు పెట్టింది. వాసవి లేచి తింది.

అక్టోబరులో అదే ఉద్యోగానికి కొత్త ప్రకటన వచ్చింది. మర్నాడు ఐదింటికి వాసవి క్వార్టరు తలుపు తట్టింది. "ఈ దినం ఎంత నడుద్దాం ఆంటీ?"

"మూడు" అంది కస్తూరి.

"అయిదు?"

"మూడు అన్నానా?" అని కస్తూరి మెట్లు దిగింది.