ఎడమ మడమ కింద చుక్క

కెనడాలోని కిచెనర్‌లో, మా కాండో అపార్ట్‌మెంట్లో ఎదురింటావిడకి తొంభై దాటాయి. తెల్లావిడే అయినా మా ఇంట్లో ఆమెని మామ్మగారనే అనుకునేవాళ్లం. వయసులో ఉండగా టొరంటోలో ఒక పెద్ద బట్టల షాపు ప్రకటనలకి బొమ్మలు గీసేవారట. పొడవాటి గదిలో ఆరుగురు ఆడవాళ్లు. కోటు మడత, టోపీ వంపు, మేజోళ్ల మెరుపు, అన్నీ వాళ్ల చేతివే. పేపర్లో ఆ బొమ్మలు చూసే జనం షాపుకి ఎగబడేవారు. సంతకం మాత్రం పెట్టకూడదు, షాపు పేరొక్కటే ఉండాలి. వింటే నాకే ఒళ్లు మండింది.

కిందటేడు ఇక్కడి మ్యూజియం వాళ్లు పాత ప్రకటనలతో ప్రదర్శన పెడతామన్నారు. గీసినవాళ్ల పేర్లు కూడా రాస్తామన్నారు. మామ్మగారు ఒక అట్టపెట్టె నా చేతికిచ్చారు. ఆరుగురి బొమ్మలూ కలిసిపోయిన పేపరు కత్తిరింపులు, నలభై దాకా ఉన్నాయి.

"స్కాన్ చేసి పెట్టు. నావేవో నేను చెప్తాను," అన్నారు.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. మచ్చ కనిపిస్తే ఊరుకోలేను. మూడు వీకెండ్లు కూర్చుని మరకలు తీసేశా, ఒక్కో నలుసూ ఏరేశా. శుభ్రం చేసినదాన్ని అదే ఫైలు మీద సేవ్ చేశా. ఆఫీసులో మూడేసి బ్యాకప్‌లు పెట్టే మనిషిని! ముట్టుకుంటే పొడి రాలుతున్న ఆ కాగితాల్ని రీసైక్లింగ్ చెత్త వేసే బ్లూ బాక్సులో పడేశా. గురువారం బండి వచ్చి పట్టుకుపోయింది. ఆవిణ్ణి ఒక్కమాట అడగాలని కూడా తోచలేదు.

గర్వంగా లాప్‌టాప్ తీసుకెళ్లా. ఆమె భూతద్దం పెట్టి మొదటి బొమ్మ ఎడమ కాలి దగ్గర చూశారు. రెండోదీ అక్కడే. మూడోదీ అక్కడే.

"చుక్క ఏది?"

"ఏ చుక్కండీ?"

"ఎడమ మడమ కింద. నావాటికి పెట్టుకునేదాన్ని. మా సూపర్‌వైజర్ ఇంకు చిందిందనుకునేవాడు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు."

 మా అమ్మాయి పసిదిగా ఉన్నప్పుడు రోజూ అరికాలికి దిష్టిచుక్క పెట్టినదాన్ని. ఈ చుక్కని దుమ్మనుకున్నా.

"తుడిచేశాను," అన్నా.

"పర్లేదు, కాగితాలు తీసుకురా, చూద్దాం."

అవీ లేవని, బ్లూ బాక్సులో పడేశానని చెప్పా. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మళ్లీ మొదటినుంచి చూడటం మొదలుపెట్టారు. ఈ కాలర్ నాదేననుకుంటా అన్నారు. ఇంకోసారి భూతద్దం పెట్టి, కాదేమో అన్నారు. ఎవరు గీసినా ఒక్కరే గీసినట్టుండాలని ఆ గదిలో అందరికీ ఒకే తీరు నేర్పారట.

లైబ్రరీకి వెళ్లి, ఆనాటి పేపర్లని ఫొటో తీసి దాచిన మైక్రోఫిల్మ్ వెతికా. ఆ పాత ఫిల్మ్ మీద పేజీ నిండా చుక్కలే, ఆవిడ పెట్టినదేదో, దుమ్మేదో తేలలేదు.

ప్రదర్శనలో నా స్కాన్లనే అచ్చు తీసి వేలాడదీశారు, ప్రతి బొమ్మ కిందా, గీసినవారెవరో తెలియదు అని కార్డు పెట్టారు. మామ్మగారిని వీల్‌చెయిర్లో తీసుకెళ్లా. అన్నిటి దగ్గరా ఆగమన్నారు. ఆఖరి బొమ్మ దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు.

"వీటిలో నాది ఒక్కటైనా ఉందంటావా?"

ఉందన్నా.

"ఏది?" అని అడిగారు.