పెద్దమ్మ ఎందుకు ఏడ్చిందంటే

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇప్పుడు బాగా తగ్గిపోయింది గానీ, ఆ రోజుల్లో మెట్టుగూడ నుంచి ఆఫీసుకు బస్సులో వెళ్తుంటే, ఈ ఊరిని చక్కదిద్దే భారమంతా నా మీదే ఉందనీ, ఆ సంగతి తెలియకే జనం నా కాళ్ళు తొక్కుతున్నారనీ అనుకునేవాణ్ణి. ఒక చిన్న పత్రికలో ట్రైనీ విలేకరిని. ఎనిమిది నెలలుగా రాని నీళ్ళ మీదా, పూడని గుంతల మీదా రాస్తున్నా ఒక్కసారీ నా పేరు అచ్చు కాలేదు. అలాంటిది మా డెస్కు పెద్ద (గుంటూరు వైపు మనిషి, మేమంతా ఎర్రపెన్ను సారు అనేవాళ్ళం) పిలిచి, "బేగంపేట హోటల్లో వ్యక్తిత్వ వికాసం క్లాసులంటయ్యా. జనాన్ని ఏడిపించి బుట్టలో వేసుకుంటున్నారంట. వెళ్ళి కడిగి పారెయ్యి. ఈసారి నీ పేరు వేస్తాలే" అన్నాడు. ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మా ఆఫీసులో హెడ్డింగు ముందు, వార్త తర్వాత. సోమవారం పేజీలో జాగా ఎంతో శనివారమే తేలిపోయేది కాబట్టి 'కన్నీళ్ళ కార్ఖానా' అని సారు అప్పటికే పెట్టేశాడు. నేను ఆయన కన్నా నాలుగాకులు ఎక్కువ చదివినవాణ్ణి గదా, శుక్రవారమే ముప్పావు వంతు రాసి పెట్టుకున్నాను. ఇక కావలసింది ఏడ్చే మనిషి ఒక్కరు.

ఆదివారం హాల్లో రెండు వందల మంది దాకా ఉన్నారు. స్టేజీ మీద టై కట్టుకున్న మాస్టారు. విరామం ఇచ్చేదాకా బాత్రూముకు వెళ్ళకూడదు, కొట్టమన్నప్పుడల్లా చప్పట్లు కొట్టాలి, తర్వాతి క్లాసుకు తలా ముగ్గుర్ని వెంటబెట్టుకు రావాలి. "మీ జీవితానికి మీరే డ్రైవర్!" అని ఆయన గొంతు చించుకుంటుంటే స్తంభం చాటున నాకు నవ్వాగలేదు. అంతలో మూడో వరుసలోంచి ఒకావిడ లేచి మైకు అందుకుంది. చూద్దును గదా, మా పెద్దమ్మ!

మా అమ్మకు ఒక్కగానొక్క అక్క. ఉండేది రెజిమెంటల్ బజార్‌లో, మా ఇంటికి ఎంతో దూరం కాదు. అయినా ఆరేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. పెద్దకొడుకు పెళ్ళికి చుట్టాలందరి ఇళ్ళకూ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచిన మనిషి, అమ్మకు మాత్రం కార్డు ఎవరి చేతో పంపింది. "సొంత చెల్లెకు బొట్టు వెట్టి చెప్పనీకి తీరలేదా ఆమెకు?" అని అమ్మ ఆ పెళ్ళి గడప తొక్కలేదు. అదంతా బయటికే. ఏ పండక్కి కొత్త చీర కట్టుకున్నా "అక్క సూస్తే..." అని మొదలుపెట్టి మాట మింగేసేది. చూడలేక నేను పక్క గదిలోకి వెళ్ళిపోయేవాణ్ణి.

పెద్దమ్మ "నేను ఒకలకు తప్పు జేసిన సార్" అంటూనే భోరుమంది. అప్పుడు నేనేం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. బయటికి ఉరికి సారుకు ఫోన్ చేశాను.

"సార్, ఏడుస్తోంది సార్!"

"వయసెంత?"

"యాభై దాటుంటుంది సార్."

"బానే ఉంది. పెద్దావిడ అని రాయి, ముసలావిడంటే ఇంకా బాగుంటది."

నేను లోపలికి వచ్చేసరికి మైకు ఇంకొకాయన చేతిలో ఉంది, అందరూ చప్పట్లు కొడుతున్నారు.

సోమవారం పొద్దున వార్త వచ్చింది, నా పేరుతో. 'నిండు సభలో ముసలావిడను గంటసేపు ఏడిపించిన వైనం' అని రాశాను (గంట నా పైత్యం, నాలుగు నిమిషాలు కూడా ఉండదు). అమ్మ నా పేరును కళ్ళకద్దుకుని, కింద చదివి, "అయ్యో, ఎవలో ముసలామె! ఇంట్ల చెప్పుకునేటందుకు మనుషులే లేరా పాపం?" అంది. నేను చాయ్ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అదే సమయానికి తలుపు చప్పుడైంది. కుంకుమ భరిణె పట్టుకుని పెద్దమ్మ.

అమ్మ లేచి నిలబడింది గానీ రమ్మనలేదు, పొమ్మనలేదు. పెద్దమ్మ మొదట నా పని పట్టింది.

"యాభై రెండేండ్లకే ముసలిదాన్నైన్నారా?"

అమ్మ నా వైపు చూసింది, పేపరు వైపు చూసింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"నేను ఏడ్సింది నిజమే. గా టైయాయన ఒర్రుడు సుత నిజమే. ముగ్గుర్ని తోల్కరమ్మని ఫోన్ల మీద ఫోన్లు, ఒకటే పరేషాన్. గవన్నీ మంచిగనే రాసినవ్. గని ఎందుకేడ్సిన్నో ఏది? ఫోన్ వట్టుకొని నువ్వు బయటికి ఉరికింది సూడలేదనుకున్నవా? జెరసేపు కూసుంటే తెల్సేది గద బిడ్డ."

నేను పేపరు మడిచి కుర్చీ కింద పెట్టాను. అన్నీ తెలిసినవాడు తన వార్తను తానే దాచుకోవడం అదే మొదటిసారి.

పెద్దమ్మ భరిణె మూత తీసి, అమ్మ నుదుట బొట్టు పెట్టి, "చెల్లె, మా పెద్దోని పెండ్లి. మీరందరు తప్పకుంట రావాలె" అంది. (ఆ పెద్దోడి కూతురు అప్పటికి బడికి కూడా వెళ్తోంది.) నేను నవ్వబోయాను. అమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని అడిగింది.

"వస్తమక్క. ముహూర్తం ఎన్నింటికి?"

"పదిన్నరకు. నువ్వు జల్ది రావాలె. నువ్వు లేకుంటే నాకు చేతులు ఆడయి."

ఆ తర్వాత ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఈసారి నేను కదలకుండా కూర్చున్నాను.

మర్నాడు ఎర్రపెన్ను సారు దగ్గరికి వెళ్ళి ఆ క్లాసుల మీద ఇంకోటి రాస్తానన్నాను. "హెడ్డింగేంటి?" అన్నాడు. "ఇంకా అనుకోలేదు సార్" అన్నాను. "హెడ్డింగు లేకుండా వార్తేంటయ్యా!" అని పంపించేశాడు. నేనూ మళ్ళీ అడగలేదు, పిరికివాణ్ణి.

ఆ క్లాసుల్లో నేను ఎత్తిచూపిన లోపాలన్నీ ఉన్నవేనని ఇప్పటికీ బల్లగుద్ది చెబుతాను, ఆ గంటసేపు ఏడుపు తప్ప. కానీ ఆ సోమవారం, ఆరేళ్ళ తర్వాత, మా అమ్మ తన అక్క పక్కన కూర్చుని అన్నం తినడం కూడా ఉన్నదే, అది మాత్రం ఏ పేజీలోనూ రాలేదు. అయినా ఇరవై మూడేళ్ళ ఆ కుర్రాడి మీద నాకు కోపం రాదు, నవ్వే వస్తుంది. పాపం, వాడు వార్త ముందే రాసేసుకున్నాడు. జరగాల్సింది తర్వాత జరిగింది.