ఆయన రాయకుండా వదిలిన నాలుగు నిమిషాలు

మా కింది వాటా అంకుల్ పోయారని పోయిన మంగళవారం బొమ్మసంద్రలోని మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. పెట్టేశాక, పక్క సీటామె విన్నదేమోనని ఇబ్బందిపడ్డాను. అది ఆయన ఇంట్లో అబ్బిన అలవాటు. అక్కడ ఎవరికి ఫోన్ వచ్చినా మిగిలినవాళ్ళు లేచి వరండాలోకి వెళ్ళాలి. ఆంటీకి ఆసుపత్రి నుంచి డ్యూటీ మారిందని చెప్పే ఫోన్ అయినా సరే.

"ఒకరి మాట ఇంకొకరు వినేది ఎంగిలి తిన్నట్లమ్మా," అనేవారు.

ఆయన పనే వినడం. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో రిటైరయ్యాక, పోలీసులు పంపే టేపులు విని తెలుగులో రాసేవారు. నా కాన్వెంటు ఇంగ్లీషు చూసి, అనుమతి తీసుకుని, దాన్ని ఇంగ్లీషులో టైపు చేసే పని నాకు ఇప్పించారు. బయట మాట్లాడనని నేనూ సంతకం పెట్టాను. అందుకే పేర్లు రాయను.

తొంభైల చివర్లో ఒక గల్ఫ్ దేశం నుంచి టేపులు వచ్చాయి. దొంగ పాస్‌పోర్టుల కేసు. అక్కడి పోలీసులు రికార్డు చేసిన తెలుగు మాటలు రాసి పంపమని అక్కడి కోర్టు ఇక్కడి కోర్టును కోరింది. పట్టుబడినవాళ్ళలో రాయలసీమ డ్రైవరు ఒకడు. ఒక టేపులో అతను ఇంటికి ఫోన్ చేశాడు. భార్య ఏడవసాగింది. అంకుల్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశారు.

"ఇక్కడ ఏం కొట్టాలంకుల్?"

"మొగుడూ పెళ్ళాల మాటలు, కేసుతో సంబంధం లేదని కొట్టు. ఆ యమ్మ ఏడుపు మనకెందుకప్పా."

నాకు ఆయన మీద ఎంతో గౌరవం కలిగింది.

ఏడు నెలల తర్వాత, డ్రైవరు వకీలు వేసిన ప్రశ్న రెండు దేశాల ఆఫీసులూ తిరిగి మా బల్ల మీదికి చేరింది. వదిలేసిన ఆ నాలుగు నిమిషాల్లో ఏముంది? అంకుల్ మళ్ళీ విన్నారు. ఏడుపు ఆగాక అతను భార్యతో అంటున్నాడు: "ఆ సంచిలో పాస్‌పోర్టులు ఉండాయని ఈ పొద్దే తెలిసింది. రేపే పని మానేస్తా."

ఆ ఫోన్ చేసిన మర్నాడే అతన్ని పట్టుకున్నారు. అక్కడి కోర్టు చదివింది మా రాతే, అందులో ఈ మాట లేదు.

"పాడు మర్యాద," అన్నారు అంకుల్.

టేపు సరిగా వినిపించలేదని రాస్తే సరిపోతుందని టేపులు పంపే ఆఫీసులో ఒకాయన సలహా ఇచ్చారు. అంకుల్ ఒప్పుకోలేదు. విననిది తానేననీ, తప్పు టైపిస్టుది కాదనీ ఆయన చెబుతుంటే ఆ ఉత్తరం నేనే టైపు చేశాను. తర్వాత ఆయనకు టేపులు రాలేదు. ఆ ఉత్తరానికి జవాబూ రాలేదు.

"పోయే దారి ఉండాది ఈ కాగితాలకి, వచ్చే దారి లేదు," అనేవారు అడిగినప్పుడల్లా. చర్చిలో చెరలో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించేటప్పుడు ఆయన తల ఇంకాస్త వంగేది. డ్రైవరు బయటపడ్డాడో లేదో తెలియకుండానే ఆయన వెళ్ళిపోయారు. నాకూ తెలియదు.

సమాధి దగ్గర నుంచి ఇంటికి వచ్చాక ఫోన్ మోగింది. ఆంటీ తీసింది. అందరూ కాఫీ గ్లాసులతోనే లేచి వరండాలోకి నడిచారు. లోపల ఆంటీ గొంతు వణికింది. నేను గడప దాకా వెళ్ళి ఆగిపోయాను, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.