పంపు గదిలో పురుడు

మా బాబాయి ఈతకొలను కాపలాదారు. వేసవి అంతా అక్కడ పిల్లల గోల, ఈలలు. మిగతా ఏడాది గేటుకు తాళం, లోపల ఆయనొక్కడు. పంపు గదిలోనే మంచం, స్టవ్, దండెం మీద రెండు చొక్కాలు. పెళ్ళి మాటెత్తితే "లోతు తెలియని నీళ్ళలో దిగను" అని నవ్వేసేవాడు. అడిగీ అడిగీ ఇంట్లోవాళ్ళే విసిగి మానేశారు.

తాళం పడ్డాక కొలనులో వాననీరు నిలుస్తుంది. దోమలు పెరగకుండా బాబాయి అందులో గుప్పెడు గంబూసియా చేపలు వదులుతాడు. రంగూ లేదు, రూపూ లేదు. మగది వేలి కణుపంత, ఆడది దానికి రెట్టింపు. నోరు పైకి తిరిగి ఉంటుంది కాబట్టి నీటి మీద తేలే దోమపిల్లల్ని దొరికినవి దొరికినట్టు మింగేస్తాయి. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. మగచేప పొద్దస్తమానం ఆడదాని వెంటే. "వీడి మొహం మండ, తిండి మానేసి మరీ తిరుగుతాడు" అనేవాడు బాబాయి. ఒకసారి జతకట్టిన ఆడచేప ఆ బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని, మగతోడు లేకపోయినా మళ్ళీ మళ్ళీ ఈనుతుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వచ్చేదే ఒకరిద్దరు.

వేసవికి ముందు నీళ్ళు మెల్లగా దించుతూ, చేపల్ని వలతో పట్టి వెనకాల సిమెంటు తొట్టిలోకి మార్చడం ఏటా ఉన్నదే. ఈ ఏడు ఆ తొట్టిని పడగొట్టి బట్టలు మార్చుకునే గదులు కట్టారు. పైగా పోటీలున్నాయని కొలను తెరవడం ముందుకు జరిపారు. మేనేజరు వచ్చి ఆ మాట చెప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఇవాళే మోటారు వెయ్యి."

"నాలుగు రోజులు ఆగండి సార్. చాలామటుకు కడుపుతో ఉన్నాయి. ఎక్కడైనా చోటు చూస్తాను."

"కొలను తెరవమంటే చేపలకు పురిటి సెలవు అడుగుతావేంటయ్యా!"

"ఇన్నాళ్ళూ దోమలు లేకుండా చూసింది అవే కద సార్."

"ఒక్క ఆడచేప చాలు, మళ్ళీ కొలను నింపేస్తుందని నువ్వే కదా చెప్పావు? ఒకదాన్ని సీసాలో వేసుకో. మిగతావి పోతే పోనీ."

తన మాటే తనకు అడ్డం తిరిగింది. బాబాయి మోటారు వేశాడు. నీళ్ళు తగ్గేకొద్దీ చేపలన్నీ ఒక మూలకు చేరాయి. పొట్ట చివర నల్లమచ్చ తేలిన చూలాలిని ఒకదాన్ని ఎత్తి, సీసా పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయాడు.

కొలను తెరిచాక ఎటు చూసినా జనమే. ఆయన పేరు మాత్రం ఎవరికీ తెలియదు. "అంకుల్, షవర్ రావట్లేదు!" అంతే. మధ్యాహ్నం గదికొచ్చి సీసా ముందు కూర్చునేవాడు. నేను వెళితే చేప సంగతులు చెప్పేవాడు, నా సంగతులు అడిగేవాడు కాదు. నాకదే హాయిగా ఉండేది.

ఒకరోజు వెళ్ళేసరికి చేప ఈనుతోంది. ఒక పిల్ల మడతపడి బయటికొచ్చి, అడుగుకు జారి, ఒళ్ళు విరుచుకుని ఈదింది. తల్లి గిర్రున తిరిగి దాన్ని మింగేసింది.

"అయ్యో, బాబాయ్!"

"దాని బుద్ధే అంత. ఆకలేస్తే తన పర తేడా లేదు."

తర్వాత పుట్టినవాటిని పుట్టినట్టే చెంచాతో తీసి గిన్నెలో వేశాడు. చివరికి గిన్నెలో పిల్లలు, సీసాలో తల్లి. అది గాజుకు మూతి ఆనించి అటూ ఇటూ తిరుగుతోంది. పిల్లల కోసమో, తిండి కోసమో. బాబాయి చాలాసేపు దాన్నే చూశాడు.

"ఇలాగే ఉంచెయ్ బాబాయ్. ఇక ఒక్కటీ పోదు."

"పోదు. కానీ దీన్ని ఒక్కదాన్నీ ఇలా ఎన్నాళ్ళు చూడనే?"

లేచి, తెగిన నైలాను తాడును పోగులు పోగులుగా విప్పాడు, పిల్లలు దాక్కోవడానికి. నీళ్ళు పట్టిన బకెట్లో దాన్ని వేసి, ముందు పిల్లల్ని వదిలాడు. కాసేపాగి తల్లిని వదిలాడు. పిల్లలు పోగుల్లోకి దూరాయి. ఒకటి మాత్రం దూరలేదు.

"కొన్ని పోతాయి" అన్నాడు బాబాయి, బకెట్ పక్కనే చతికిలబడుతూ.