పెళ్లిచూపుల వారంలో ఉలవలు, మొలకలు

నందికొండ క్వార్టర్‌లో ఒక్కణ్నే ఉంటూ కాలువ పనులు చూసేవాణ్ని. పొద్దున హోటల్ పరోటా, రాత్రి నూడుల్స్, తిరుగుడంతా జీపులో. కడుపు ఎప్పుడూ గుడగుడమంటుండేది. ఒంటరి మనిషికి అదేమంత ఇబ్బంది కాదు. కానీ ఆదివారం కొత్తకోటలో పెళ్లిచూపులు. అమ్మాయి అక్కడే ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఫోన్‌లో ఒకసారి మాట్లాడుకున్నాం. ఆమె నవ్వు విన్నాక ఈ సంబంధం తప్పిపోకూడదని గట్టిగా అనుకున్నాను. అందరూ మౌనంగా కూర్చున్న గదిలో నా కడుపు మాట్లాడితే?

కడుపు సంగతి చదివాను. పేగుల్లో లెక్కలేనన్ని సూక్ష్మజీవులుంటాయి. పీచు వాటి తిండి. పులిసినవీ, నడకా వాటికి మేలు. పథకం వేశాను: పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం జొన్నరొట్టెతో ఉలవలు, సాయంత్రం మొలకలు, ఆపైన కాలువ కట్ట మీద నడక. అన్నీ సోమవారం నుంచే, పూర్తి మోతాదులో. ఎండిన కాలువకు తూము తలుపులన్నీ ఒక్కసారే ఎత్తితే గండ్లు పడతాయని, నీళ్లు వదిలే లష్కర్లను హెచ్చరించేది నేనే.

పస్తులున్న జీవులు పండగ చేసుకున్నాయి. శనివారానికి కడుపు డోలైంది.

ఆదివారం కొత్తకోటకు పోతుంటే కారులో అవ్వ, అంటే మా నాయనమ్మ, “బిడ్డా, గా అద్దం జర దించు” అంది.

“అద్దం దించితే సాలదు, వీన్నే దించాలె” అన్నాడు ముందు సీట్లోంచి మా బాపు.

వాళ్లింట్లో మిర్చీలు, లడ్డూలు పెట్టారు. అమ్మాయి వచ్చి కూర్చుంది. మాటలు ఆగాయి. సరిగ్గా అప్పుడే నా కడుపు లోపల్నుంచి పొడవుగా ఓ రాగం తీసింది.

“నాదే బిడ్డా, ముసలి కడుపు” అంది పక్కనున్న అవ్వ, ఏమాత్రం తడబడకుండా.

అమ్మాయి అవ్వను చూసింది. తర్వాత నన్ను చూసింది.

“అవ్వకు ఏం పెడ్తున్నరు?”

నోరు ఊరుకోలేదు. అంబలి నుంచి మొలకల దాకా వరుసగా అప్పజెప్పాను.

“ఎప్పటికెల్లి?”

“సోమవారం నుంచి.”

“అన్నీ ఒక్కపారేనా? కొంచెం కొంచెం పెంచాలె గద. లోపలున్నయి అలవాటు పడొద్దా? పెద్దమనిషిని గట్ల సతాయిస్తరా?”

“సెప్పు బిడ్డా, జర గట్టిగ సెప్పు” అంది అవ్వ, రెండో మిర్చీ అందుకుంటూ.

నేను నా పళ్లెంలోని మిర్చీని కూడా అవ్వ వైపు జరిపాను.

సాయంత్రం అమ్మాయి వాళ్ల నాయిన ఫోన్ చేశాడు. బాపు స్పీకర్ పెట్టాడు.

“పిల్లకు ఇష్టమే బావా. కని ఒక్క మాట చెప్పమన్నది. పెండ్లి దాకా అవ్వను మొలకలు తిననీయొద్దంట.”